లిహియా గుప్పిట్లో తాళంచెవి

చున్యా,
మార్చి 3, 1994

అమ్మాయీ లాందీ,

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు బాగాలేవు గానీ, వాటిని పలకరిస్తే ఇంకా గారాలు పోతాయని ఊరుకుంటున్నాను.

ఈ నెల పన్నెండుకి నీ కూతురికి మూడు నెలలు నిండుతాయి. నీకు గుర్తుందో లేదో. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి క్యాలెండరు ఉండదనీ, వచ్చే అతిథులూ పోయే అతిథులే తెలుస్తారనీ విన్నాను. అందుకే రాస్తున్నాను. ఆడపిల్లను మూడు నెలలు నిండగానే చంకెక్కించాలి, పొయ్యికి మూడు రాళ్ళు గనక. మగపిల్లాడికైతే నాలుగు, పొలానికి నాలుగు మూలలు గనక. పొయ్యి ఆడదానికీ పొలం మగవాడికీ ఎవరు పంచారని ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్తూ ఆలోచించాను. తేలలేదు. తేలేదాకా పండగ ఆపలేం కదా.

చంకెక్కించడానికి బెర్నార్దినా సిద్ధంగా ఉంది. ఎనభై నాలుగు వచ్చినా, నిన్ను మొదటిసారి కూర్చోబెట్టుకున్న చంక ఇంకా గట్టిగానే ఉందని తడిమి చూపించింది. టర్కీ కోడికి రోజూ మొక్కజొన్న పెడుతున్నాను. అది నన్ను తన తల్లి అనుకుంటోంది, పాపం. ఉడికించిన గుడ్డు, వేయించిన జొన్నపిండి, గుమ్మడి గింజలు, తేనె అన్నీ ఉన్నాయి. బల్ల చుట్టూ తొమ్మిది చుట్లు తిప్పేటప్పుడు పిల్ల చేతికి ఇవ్వడానికి సూది, కత్తెర, నోటుపుస్తకం, పెన్సిల్ బల్లమీద పెట్టాను. మొదట మాత్రం పెన్సిలే. నీకు పెన్సిల్ పట్టించబట్టే కదా, మీ అమ్మ నిన్ను నాకప్పగించి కంపేచేలో రెండో కాపురం పెట్టుకున్నా, నువ్వు చదివి గైడు పరీక్ష గట్టెక్కింది.

అప్పటిదాకా బిడ్డను శాలువాలో పడుకోబెట్టే మొయ్యి. చంకన కాళ్ళు విప్పి కూర్చోబెట్టకు. నువ్వే కాదు, ఎవర్నీ కూర్చోబెట్టనివ్వకు. మొదటి చంక ఒక్కసారే.

మొన్న మీ హోటలు బస్సు మన మలుపులో ఆగింది. వీపు టమాటాలా కాలిన ఒకాయన, మన పూర్వీకుల గుడి శిథిలాలు చూడబోతూ దారిలో నన్నూ చూశాడు. బట్టలారేస్తుంటే నాలుగు ఫోటోలు తీశాడు. "నాయనా, మీ అమ్మ బట్టలారేసుకోదా?" అనడిగాను. నవ్వి ఇంకోటి తీశాడు.

ఉత్తరం బస్సు కండక్టరు తాచో చేత పంపుతున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇయ్యి. అంటించి ఇయ్యి, అతనికి చదువు వచ్చు.

మీ అమ్మమ్మ
నెమేసియా

*

మార్చి 7

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళకి వేడినీళ్ళు కాపడం పెట్టుకో. టర్కీని అప్పుడే కోయకు.

పన్నెండున రాలేను. ఇక్కడ ఒకటే రద్దీ. ఉత్తరాన మంచు పడుతుంటే వాళ్ళంతా మా ఇసకమీదికి వచ్చి పడుతున్నారు. రెండు రోజులు ఈతకొట్టి, మూడో రోజు ఒళ్ళు మండి, నాలుగో రోజు శిథిలాలకి బయల్దేరతారు. రోజూ పెద్ద గుట్ట దగ్గరికి బస్సు నిండా తీసుకెళ్తున్నాను. సెలవు అడిగితే మేనేజరు పైకప్పు వంక చూశాడు.

అయినా అమ్మమ్మా, ఈ రోజుల్లో ఈ పండగ అంత అవసరమంటావా? లిహియా బాగుంది. బాగా తాగుతోంది, తొడలు మడతలు పడ్డాయి. రుతిలియో హోటలు నీళ్ళ మోటర్లు బాగుచేసి వచ్చాక దాన్ని పొట్టమీద వేసుకుని ఉయ్యాల్లో ఊగుతాడు. ఇంకేం కావాలి దానికి?

ఒక సంగతి. ఇది నా స్నేహితురాలి కోసం అడుగుతున్నాను. పండగకు ముందే, తెలియక ఎవరైనా బిడ్డను చంకెక్కిస్తే ఏమవుతుంది? అప్పుడు బిడ్డ చేతిలో పట్టుకోకూడని వస్తువేదో ఉంటే, దాన్ని మార్చే వీలుందా? ఊరికే అడిగాను.

నీ
లాందీ

*

మార్చి 9

లాందీ,

నీకు స్నేహితురాళ్ళు ఇద్దరు. ఒకామెకు పిల్లల్లేరు. రెండో ఆమె కొడుక్కి ఏడేళ్ళు, వాడిని చంకెక్కిస్తే చంకే విరుగుతుంది. కాబట్టి ఆ మూడో స్నేహితురాలికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

జరిగింది నాకు తెలుసు. పోయిన ఆదివారం మీ అత్తగారు ఆద్ది తీసిమీన్ నుంచి అట్టపెట్టెతో మీ స్టాపులో దిగిందని తాచో చెప్పాడు. పెట్టెలో ఏముందో చెప్పలేదు గానీ నాకు చెప్పక్కర్లేదు. మూడు జిల్లాలకు గౌన్లు కుట్టే మనిషి, కత్తెర లేకుండా చర్చికి కూడా వెళ్ళదు. వచ్చింది, మనవరాలిని లాక్కుంది, చంకన కూర్చోబెట్టుకుంది, చేతిలో కత్తెర పెట్టింది. నువ్వు చూస్తూ నిలబడ్డావు. ఎందుకంటే నువ్వు మంచి కోడలివి. నాకు మాత్రం "ఈ రోజుల్లో అవసరమంటావా" అని రాశావు. పండగ అవసరం లేదా, అమ్మమ్మ అవసరం లేదా? విడమర్చి రాసి ఉంటే కాగితం దండగయ్యేది కాదు.

బెర్నార్దినా ఈ పండగ కోసం కొత్త ఉయిపిల్ గౌను కుట్టుకుంది. మెడ చుట్టూ ఎర్రపూలు. గుడ్డి వెలుతుర్లో కుట్టడంవల్ల ఒక పువ్వు ఆకుపచ్చగా వచ్చింది. పన్నెండున రావట్లేదని ఆమెకి ఎలా చెప్పాలో తెలియక, నిన్న ఆమె వీధిలో కనబడితే నేను కోళ్ళగూట్లో దూరాను. అరవై తొమ్మిదేళ్ళ పంతులమ్మను, కోళ్ళగూట్లో. ఇదీ నువ్వు నాకిచ్చిన గౌరవం.

టర్కీ బాగానే ఉంది. దానికొక్కదానికే ఈ వార్త నచ్చింది.

నెమేసియా తుయూబ్

*

మార్చి 11

అమ్మమ్మా,

పూర్తి పేరుతో సంతకం పెట్టావు. మూడో తరగతిలో నా ప్రోగ్రెస్ కార్డు మీద కూడా అలాగే పెట్టేదానివి. చదవగానే అప్పటిలాగే మడిచి దాచేశాను.

మా అత్తయ్యకు ఏ పాపమూ తెలియదు. పెట్టెలో ఉన్నది దోమతెర. పండగ చున్యాలో జరగాలని ఆమెకు తెలుసు, పిల్లను పడుకోబెట్టే ఎత్తుకుంది. ఆమెను తిట్టకు. స్నేహితురాలు లేదు. అది నేనే.

మార్చి రెండున జరిగింది. నువ్వు ఉత్తరం రాయడానికి ముందురోజే. పిల్లను చూసే పక్కింటామెకు ఆరోజు జ్వరం. సెలవు పెట్టే వీల్లేక లిహియాను శాలువాలో కట్టుకుని, పడుకోబెట్టే, బస్సెక్కాను. ఇరవైమంది అతిథులు. పెద్ద గుట్ట దగ్గర నేను చెప్పాల్సింది చెప్తుండగానే, పూలచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఆ పాత గుడి నూట ఇరవై రాతిమెట్లూ మేకలా ఎక్కేశాడు. పైకెళ్ళి వెనక్కి తిరిగి కిందికి చూశాడు. అంతే, బిగుసుకుపోయాడు. రాయిని కావలించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కింద ఆయన భార్య, "హెరాల్డ్, తమాషాలు చాలు, దిగు!" అని అరుస్తోంది. ఆయన పైనుంచి, "నేనిక్కడే ఉంటాను, నువ్వు భోజనం చేసెయ్!" అంటున్నాడు.

నేను ఎక్కక తప్పదు. బిడ్డతో ఆ మెట్లు ఎక్కకూడదు. పక్కనే ఒకామె ఉంది, ఒంటరిగా వచ్చిన కెనడా ఆమె, పేరు ఓదెత్. అరవై దాటి ఉంటాయి. నా కంగారు చూసి తనే చేతులు చాపింది. పడుకోబెట్టి ఎత్తుకోమని సైగ చేసి ఇచ్చి పైకి పరిగెత్తాను.

ఆయన్ని వెనక్కి తిప్పి, ముఖం రాయివైపు పెట్టించి, ఒక్కో పాదం నా చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టుమీద పెట్టిస్తూ దింపాను. అరవయ్యో మెట్టు దగ్గర ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నేను కిందికి చూశాను. లిహియా ఏడుస్తున్నట్టుంది. ఓదెత్ దాన్ని లేపి, కాళ్ళు విప్పి, తన ఎడమ చంకన కూర్చోబెట్టుకుంది.

అరిస్తే హెరాల్డ్ పడిపోతాడు. ఆయన రెండు పాదాలూ నా చేతుల్లోనే ఉన్నాయి. అక్కడే నిలబడి చూశాను. ఆమె పిల్లను ఊరుకోబెట్టడానికి, మనవాళ్ళు కొవ్వొత్తులు వెలిగించే ఆ చెక్కిన రాయి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టకుండా ఉండాల్సింది. లెక్కపెట్టాను. తొమ్మిది చుట్లు తిరిగింది అమ్మమ్మా. సరిగ్గా తొమ్మిది. పిల్ల ఏడుపు ఆగింది. దాని గుప్పిట్లో ఏదో మెరుస్తోంది.

దిగి, థాంక్స్ కూడా చెప్పకుండా ఆమె చంకలోంచి లాక్కున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి శాలువా విప్పితే, పిల్ల గుప్పిట్లో ఇంకా అలాగే ఉంది: ఓదెత్ హోటలు గది తాళంచెవి. చెక్క తాబేలు బిళ్ళ, రెండువందల పద్నాలుగు. మర్నాడు కౌంటర్లో ఇచ్చేశాను.

నీకు తెలుసు, ఆ హోటల్లోనే ఆరేళ్ళు నేను పక్కలు మార్చాను. పద్దెనిమిదో ఏటినుంచి. రెండువందల పద్నాలుగు కూడా నా వరసలోదే. ఆ తాబేలు బరువు నా గౌను జేబుకి ఇంకా తెలుసు. ఆ జేబులోంచి బయటపడటానికి రాత్రిళ్ళు నువ్వు పంపిన పుస్తకాలు చదివాను. ఇప్పుడు నా కూతురు మొదటిసారి నిటారుగా కూర్చుని లోకాన్ని చూస్తే, దాని చేతిలో ఉన్నది అదే తాళంచెవి. నేను చదువుకున్నదాన్ని. ఇవన్నీ నమ్మనని అతిథులకి రోజూ నవ్వుతూ చెప్తాను. కానీ తొమ్మిది రోజులుగా అన్నం సయించట్లేదు. దానికి ఆ బతుకే రాసిపెట్టానా? నా చేతులతోనే ఇచ్చానా?

అందుకే రాలేదు. నీ బల్లమీద పెన్సిల్ చూసి తట్టుకోలేననిపించింది.

లాందీ

*

మార్చి 13

పిచ్చి లాందీ,

చంకలో బిడ్డనుంచుకుని ఊరంతా వెతకడం విన్నాను. ఊరు విడిచి సముద్రం దాకా పోయి వెతకడం నీ దగ్గరే చూస్తున్నాను.

ముందు ఆద్దికి నా కత్తెర అనుమానానికి క్షమాపణ చెప్పు. నేను చెప్పమన్నట్టు కాదు, నీకే తోచినట్టు. దోమతెర మంచి ఆలోచన, నాకు రావాల్సింది.

నీ ఉత్తరం తీసుకుని బెర్నార్దినా దగ్గరికి వెళ్ళాను. దాక్కోవడం మానేసి. ఆమె చెవిలో మొదటినుంచీ చివరిదాకా చదివాను. హెరాల్డ్ దగ్గర కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. తొమ్మిది చుట్ల దగ్గర నవ్వడం మానేసింది. అప్పుడు ఆమెకూ నాకూ జరిగిన మాటలివి, అక్షరం మార్చకుండా:

"రాయి చుట్టూ తిరిగిందా, బల్ల చుట్టూనా?"

"రాయి చుట్టూ."

"గుడ్డు పెట్టిందా?"

"లేదు."

"పిండి? తేనె? గుమ్మడి గింజ?"

"ఏం పెట్టలేదు బెర్నార్దినా. ఆమెకు తెలియదు."

"మరి తిండి పెట్టకుండా తొమ్మిది చుట్లు తిప్పితే అది పండగ ఎట్లా అవుతుందే నెమేసియా? అది షికారు."

ఇంతకంటే పెద్ద తీర్పు ఏ కోర్టులోనూ దొరకదు. నీ కూతురు షికారుకి వెళ్ళింది. బీచికి వచ్చినవాళ్ళు చేసే పనే అది. మొదటి చంక ఇంకా మిగిలే ఉంది. నాలుగో నెల నిండేదాకా గడువుంది. ఇరవయ్యో తారీకు ఆదివారం. మేనేజరు పైకప్పు వంక చూస్తే, నువ్వూ చూడు. ఇద్దరూ చూస్తే ఎవరో ఒకరు ముందు అలిసిపోతారు.

ఇక రెండో సంగతి. ఇది రాయాలా వద్దా అని నిన్నంతా ఉయ్యాల్లో ఊగాను. రాయకుండా చచ్చిపోదామనే అనుకున్నాను, కానీ నువ్వు అన్నం తినట్లేదన్నావు.

నీ చంకపండగ నాడు నువ్వు పెన్సిల్ పట్టుకోలేదు.

బెర్నార్దినా నీ చేతికి ఇచ్చింది. నువ్వు విసిరేశావు. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ విసిరావు, ఈసారి టర్కీ తలకు తగిలింది. మూడోసారి పెన్సిల్ వెతికేలోపు, నువ్వు బెర్నార్దినా తింటున్న మొక్కజొన్న రొట్టె ముక్క లాక్కుని, తొమ్మిది చుట్లూ దాన్నే పట్టుకుని తిరిగావు. ఆ లెక్కన నువ్వు రొట్టెలు చేసి బతకాలి. నీ రొట్టెలు ఎలా ఉంటాయో రుతిలియోని అడుగు. మొగుడు గనక చెప్పడు, కానీ ముఖం చూడు.

మరి పెన్సిలని ఎందుకు చెప్పానంటే, రెండో తరగతిలో నువ్వు భాగహారం రాక బడి వెనక ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచలేదు. "ఊరుకో, నువ్వు చంకెక్కిన రోజే పెన్సిల్ పట్టుకున్నదానివి, నీ చేతికి తెలుసు" అన్నాను. నువ్వు చెయ్యి తిప్పి చూసుకున్నావు. లోపలికొచ్చి లెక్క చేశావు. తప్పే చేశావు, కానీ చేశావు. ఆ తర్వాత ఆ మాట మానే ధైర్యం నాకు లేకపోయింది. మళ్ళీ పక్కలు మార్చే రోజుల్లో కూడా రాశాను, గుర్తుందా?

పంతులమ్మగా నేను చెప్పిన అబద్ధాల్లో ఇదొక్కటే పనికొచ్చింది. కాబట్టి తాళంచెవి సంగతి వదిలెయ్. గుప్పిట్లో ఏదుంటే అదే బతుకైతే, నువ్వీ ఉత్తరం రాసి ఉండేదానివి కావు, రొట్టె పంపేదానివి.

మూడోది. ఆ ఓదెత్‌ని చూడు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టిన మనిషి దగ్గర్నుంచి లాక్కోవడం నేను నేర్పింది కాదు. గుమ్మడిగింజల మిఠాయి తాచో చేత పంపుతున్నాను. సగం నువ్వు తింటావని తెలిసే రెట్టింపు పెట్టాను.

ఇట్లు,
అబద్ధాలకోరు అమ్మమ్మ

*

మార్చి 16

అమ్మమ్మా,

బస్టాపులోనే నిలబడి చదివాను. "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అని తాచో మామ దిగొచ్చాడు. ఏడుస్తూ నవ్వుతుంటే పాపం ఆయనకి అర్థం కాలేదు. బస్సంతా పది నిమిషాలు నాకోసం ఆగింది.

మొదట కోపమొచ్చింది. చాలా వచ్చింది. గైడు పరీక్షలో తడబడుతూ నా కుడిచేతిని చూసుకున్నాను తెలుసా? రొట్టె పట్టుకున్న చేతిని! తర్వాత, రెండు వారాల్లో మొదటిసారి ఆకలేసింది. మిఠాయి సగం కాదు, ముప్పావు తిన్నాను.

మిగిలింది పట్టుకుని ఓదెత్ దగ్గరికి వెళ్ళాను. ఎల్లుండి వెళ్ళిపోతోందట. తలుపు తీసి, నన్ను చూసి, "తాళంచెవి పోయినందుకు డబ్బు కట్టాలా?" అని భయంగా అడిగింది. సిగ్గేసింది. కూర్చోబెట్టి అంతా చెప్పాను: మొదటి చంక, తొమ్మిది చుట్లు, ఆఖరికి బెర్నార్దినా అవ్వ తీర్పు కూడా. "అయితే నాదేమీ లెక్కలోకి రాదన్నమాట" అంది. కొంచెం నిరాశగా.

నాకెందుకో నోట్లోంచి వచ్చేసింది: "పండగ కాదు గానీ, షికారుకి తీసుకెళ్ళిన పెద్దమ్మ మీరు."

ఆమె మిఠాయి పొట్లం విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పింది. "మా ఇంట్లో చంకెక్కే వయసువాళ్ళు ఎవరూ లేరు" అంది. చిరునామా రాసుకుంది. నాది కాదు, లిహియాది. కవరుమీద దాని పేరే రాస్తుందట.

అత్తయ్యకి చెప్పాను. కత్తెర అనుమానం విని పగలబడి నవ్వింది. "మీ అమ్మమ్మ ఆలోచన చెడ్డదేం కాదు, ముందు నాకు తట్టలేదు" అంది. జాగ్రత్త.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాం. మేనేజరుతో పైకప్పు చూసే పోటీలో నేనే గెలిచాను. కానీ ఒక షరతు. పండగయ్యాక పవిత్రవారం సెలవులకి నువ్వు మాతో రావాలి. పరాయి దేశాలవాళ్ళంతా సముద్రం చూడటానికి ఖండాలు దాటి వస్తున్నారు, నువ్వు బస్సులో రెండు గంటలు రాలేవా?

రొట్టెల లాందీ

*

చున్యా,
ఏప్రిల్ 9

అమ్మాయీ లాందీ,

క్షేమంగా చేరాను. బస్సులో తాచో నా పక్కనే నిలబడి సముద్రం ఎలా ఉందని అడిగాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ దాని దాకా వెళ్ళొస్తూ ఎన్నడూ కిందికి దిగి చూడలేదట. నాకంటే ఎక్కువ మాట్లాడుతుందని చెప్పాను. నమ్మలేదు.

మీ ఇసకమీద ఆరు రోజులు కూర్చున్నాను. గొడుగు కింద, ఉయిపిల్‌తో, పాదాలు నీళ్ళలో పెట్టి. మోకాళ్ళకు బాగుంది. వాటికి చెప్పకు. ఒకామె నా ఫోటో తీసుకోవచ్చా అని ముందు అడిగింది. అడిగింది గనక నవ్వాను కూడా.

ఇక పెద్ద గుట్ట సంగతి. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ నేను పైదాకా ఎక్కాననే చెప్పాను. నలభై ఒకటో మెట్టు సంగతి నీకూ నాకూ రుతిలియోకీ మాత్రమే తెలుసు. చిన్నప్పుడు మా నాన్న చెట్ల జిగురు గీయడానికి అడివికి పోతూ ఆ రాయి ముందు కొవ్వొత్తి పెట్టి, కంటికి కనబడని గుట్ట యజమానుల దగ్గర సెలవు తీసుకునేవాడు. నన్ను కిందే నిలబెట్టేవాడు. డెబ్బైకి దగ్గరపడ్డాక ఎక్కి చూద్దామనిపించింది. వెనక్కి తిరిగాను. కాళ్ళూ నోరూ ఒకేసారి పడిపోయాయి. నా నోరు పడిపోవడం చూసి నువ్వు పరిగెత్తుకొచ్చావు.

"ముఖం రాయివైపు తిప్పండి. కిందికి చూడకండి. ఈ పాదం ఇక్కడ. మంచిది మేడం. ఇప్పుడు రెండోది."

నన్ను మేడం అన్నావు. నేనెవరో మర్చిపోయి నీ పని నువ్వు చేసుకుపోతున్నావు. నా పాదాల కింద నీ చేతులున్నాయి. పెన్సిలూ రొట్టే ఏదీ లేని చేతులు. నలభై ఒక్క మెట్లూ అవి ఒక్కసారీ వణకలేదు. కింద రుతిలియో చంకలో లిహియా కాళ్ళు రెండువైపులా వేలాడేసుకుని మనల్ని చూస్తోంది. దాన్ని ఎవరు ఎలా ఎత్తుకున్నారని ఎవరికీ పట్టలేదు. ఇక ఎవరి చంకైనా ఫర్వాలేదు. ఈ మాట తలుచుకుంటేనే నాకు నిద్ర పడుతోంది.

ఓదెత్ కవరు వచ్చిందా? వస్తే చదివి వినిపించు. దానికి అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఉత్తరం వినడం అలవాటవుతుంది.

అసలు విషయం. పండగ నాడు బెర్నార్దినా పెన్సిల్ ఇచ్చాక లిహియా దాన్ని రెండు చుట్లు పట్టుకుంది. నీకంటే నయం. మూడో చుట్టులో తేనెగిన్నెలో పడేసి, బెర్నార్దినా జడ పట్టుకుని తొమ్మిదో చుట్టు దాకా వదల్లేదు. చూసినవాళ్ళం నలుగురం. నేను బెర్నార్దినాతో మాట్లాడాను. "ఏ జడ? నా కళ్ళకు పెన్సిలే కనిపించింది" అంది. రుతిలియోని బస్టాపులో అడిగాను. అల్లుడు బుద్ధిమంతుడు, పెన్సిలే అన్నాడు. టర్కీ సాక్ష్యం చెప్పదు, దాన్ని మనం తినేశాం.

మిగిలింది నువ్వు.

ఆ పెన్సిల్‌కి చీమలు పట్టాయి. కడిగి, చెక్కి, ఈ ఉత్తరం దానితోనే రాశాను. కవరులోనే పెడుతున్నాను. ఎక్కడైనా దాచు. లిహియా భాగహారం రాక ఏ గోడ వెనకో ఏడ్చిన రోజున బయటికి తియ్యి. ఏం చెప్పాలో నీకు తెలుసు.

మీ అమ్మమ్మ
నెమేసియా